పొన్ని ఓలై నేనే చదివాను

మొదటి రోజే పొన్ని నా మాటకు అడ్డంపడి హార్మోనియం వాయించేసింది.

1982 జూలై నెల. ధర్మపురిలో మా చర్చి. నేను ముందు నిలబడి వారం ప్రకటనలు చదువుతున్నాను. "వచ్చే శనివారం స్త్రీల సంఘం వారు చర్చి కడుగుతారు కనుక," అని చదివి ఊపిరి పీల్చుకునే లోపలే ఎడమవైపు నుంచి హార్మోనియం పెట్టె గొంతెత్తింది. సభంతా లేచి పాట అందుకుంది. ఆ 'కనుక' తర్వాత ఏముందో ఎవరికీ తెలియకుండా పోయింది. ఉన్నది ఒక్కటే, ఎవరి బకెట్ వారే తెచ్చుకోవాలని. శనివారం పదకొండుమంది ఆడవాళ్ళు వచ్చి ఒకే బకెట్ చుట్టూ నిలబడ్డారు.

ఆరాధన అయిన వెంటనే ఆ పెట్టె దగ్గరికి పోయాను. కొత్త ముఖం. ఆకుపచ్చ ఓణీ, రెండు జడలు, నన్ను చూసి బెదరని కళ్ళు.

"నేనింకా ముగించలేదు," అన్నాను.

"ముగించినారు అనుకొంటిని."

"కామా దగ్గర ఆగినాను."

"కామాకి అంతసేపు ఆగితే ఎవరైనా ముగిసిందనే అనుకొంటారు. మా హెడ్మాస్టరు ఫుల్‌స్టాప్‌కి కూడా అంతసేపు ఆగరు."

"చదివేదానికి ఒక లెక్క ఉంది. కామాకి రెండు, ఫుల్‌స్టాప్‌కి నాలుగు. మనసులో ఒకటి, రెండు అని ఎంచుకోవాల."

"అట్లనా? సరి. వచ్చే వారం నేనూ ఎంచుతాను రీడరు సారూ. నాలుగు దాటితే మళ్ళా వాయించేస్తాను."

అలా అని పాటల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికి పోయే దారంతా ఆమెకు చెప్పాల్సిన జవాబు తయారు చేసుకున్నాను. మంచి జవాబే. ఇల్లు చేరేసరికి సిద్ధమైంది.

నా బతుకంతా అంతే. మాట సిద్ధమయ్యేసరికి ఇల్లు వచ్చేస్తుంది.

నా పేరు రాజమాణిక్కం. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. బస్టాండు వెనక టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పేవాణ్ణి. ఒక్క అక్షరం తప్పు పడినా కాగితం లాగి చించి, మళ్ళీ మొదటినుంచి కొట్టించేవాణ్ణి. పిల్లలు నన్ను చూసి భయపడేవారు. నేను దాన్ని గౌరవం అనుకునేవాణ్ణి.

పొన్ని దొరైసామి కాంపౌండరు కూతురు. ఆయనకు పాపిరెడ్డిపట్టి నుంచి ధర్మపురికి బదిలీ అయింది. చర్చి పుస్తకంలో ఆమె పేరు గ్రేస్ పొన్ని, ఇంట్లో పొన్ని. మా ఇంట్లోలాగే వాళ్ళింట్లోనూ తెలుగే మాట్లాడతారు, గడప దాటితే తమిళం. చర్చిలో ఆరాధన కూడా తమిళంలోనే. ఆమె నర్సరీ స్కూల్లో టీచరు. కులం, సంఘం, భాష, అన్నీ ఒకటే. మా కథలో విలన్ లేడని ముందే చెప్పేస్తున్నాను. వెతికితే దొరికేది నేనొక్కణ్ణే.

మా పాస్టరయ్యకు ధర్మపురి కాక ఇంకా ఎనిమిది ఊళ్ళు. వాటన్నిటికీ ఒక పాత మోటారు సైకిలు. నెలలో మొదటి ఆదివారం మాత్రం మా దగ్గరుండి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవారు. మిగతా ఆదివారాలు మావే. "సభ అంటే నేను లాగే బండి కాదప్పా, మీరెక్కి కూర్చునేదానికి. అందరూ భుజం పట్టాల," అనేవారు. అందుకని పని అంతా పంచుకున్నాం. ఒకరు పాఠం చదవాలి, ఒకరు ప్రసంగం చెప్పాలి, ఒకరు పెట్టె వాయించాలి, ఒకరు పూలు పెట్టాలి, ఒకరు జబ్బు మనుషుల్ని చూసిరావాలి. ఈ వంతునే మేము మురై అంటాం. మురై పట్టీ నెలనెలా నేనే టైపు చేసి తలుపుకు అంటించేవాణ్ణి. చదివే మురై నాకొక నెల, మాదేశన్ సారుకొక నెల. నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా మురై మార్చుకోలేదు. నూట రెండు జ్వరంలో కూడా వచ్చి చదివాను. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి.

పొన్ని చెప్పినట్టే మరుసటి వారం ఎంచింది. నేను ఆగిన ప్రతిచోటా ఆమె పెదవులు కదలడం కనిపించేది. ఒకటి, రెండు, మూడు. నాలుగు అనగానే వేళ్ళు హార్మోనియం మెట్ల మీదికి వెళ్ళేవి. నేను హడావిడిగా తర్వాతి వాక్యం అందుకునేవాణ్ణి. నెల ముగిసేసరికి నా చదువు మూడు నిమిషాలు తగ్గిందని మాదేశన్ సారు గడియారం చూసి చెప్పారు.

మా చర్చిలో కుర్రవాళ్ళందరూ అన్నలే. పొన్ని మాదేశన్ సారును అన్నా అనేది, గంట కొట్టే ముసలాయనను కూడా అన్నా అనేది. నన్ను మాత్రం రీడరు సారు. పుట్టమ్మ అవ్వ ఒకరోజు నన్ను ఆపింది. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే మురై ఆమెది, అందుకని ఆమెకు తెలియని ఇల్లు లేదు.

"ఏం నాయనా, ఆ పాప లోకాన్నంతా అన్నా అంటుంది. నిన్ను మాత్రం అనదు. ఎందుకని యోచించినావా?"

"మర్యాద అవ్వా. నేను రీడర్ని గదా."

అవ్వ నన్ను కిందికీ పైకీ చూసింది. "ఔ నాయనా. మర్యాదే," అని తమలపాకు నోట్లో వేసుకుంది.

మూడో ఆదివారం మధ్యాహ్నాలు నేను, పొన్ని, అవ్వ ముగ్గురం ఏరియూరు పోయేవాళ్ళం. అక్కడ కూలి పని చేసుకునే తెలుగు కుటుంబాలు పది ఉన్నాయి. తమిళంలో ప్రార్థన చేస్తే దేవుడికి అర్థమవుతుందేమో గానీ మాకు కావడం లేదన్నారు. మాలో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. పొన్ని తెలుగు పాటలన్నీ తమిళ అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసుకొచ్చేది. నేను చదివేవాణ్ణి, ఆమె పాడేది, పుట్టమ్మ అవ్వ ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చునేది. తర్వాత వాళ్ళు పెట్టిన రాగి సంగటి, వేరుశనగ ఊరిమిండి పచ్చడి తిని బస్సెక్కేవాళ్ళం.

సెప్టెంబరులో ఒకసారి బస్సు కోసం నిలబడితే వాన పట్టుకుంది. టీ కొట్టు తాటాకు చూరు కింద చేరాం. అవ్వ బెంచీ మీద ఒరిగి నిద్రపోయింది. చూరు చిన్నది. నా ఎడమ భుజం వానలోనే ఉంది.

"మీ చొక్కా తడుస్తా ఉంది. ఇట్ల జరగండి," అంది పొన్ని.

"పరవాలేదు."

"పరవాలేదు అనేదాన్ని కూడా రేడియోలో వార్తలు చదివినట్టు చెప్తారు మీరు."

"అలవాటు."

"ఇంట్లో కూడా ఇంతేనా? అమ్మా, సాంబారులో ఉప్పు తక్కువగా ఉన్నందున, కామా, ఒకటి, రెండు..."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆపుకోవడం ఆమె చూసింది.

"నవ్వినా ఏమీ అయిపోదు రీడరు సారూ. ఇది చర్చి కాదు." వాన నీళ్ళు చూరు మీంచి ఆమె చేతి మీద పడుతున్నాయి. చేయి తీయలేదు. "ఒకటి అడుగుతాను. రాసిపెట్టింది కాకుండా మీకు వేరే మాట రాదా?"

"వస్తుంది. కానీ..."

"కానీ?"

"ముందు రాసుకోవాల."

పకపకా నవ్వింది. అవ్వ ఉలిక్కిపడి లేచి, బస్సు రాలేదని తెలిసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. పొన్ని నవ్వు ఆపేసి రోడ్డు వైపు చూస్తూ మెల్లగా అంది.

"సరి. రాసుకోండి. నాకు తొందర లేదు. మా నాన్నకే తొందర."

ఇంతకంటే విడమరిచి ఏ ఆడపిల్ల చెబుతుంది? నాకు అర్థమైంది. నేను అంత మొద్దును కాదు. ఆ సాయంత్రమే ఇన్‌స్టిట్యూట్ తాళం తీసి, దొరైసామి గారికి ఉత్తరం టైపు చేయడానికి కూర్చున్నాను. పెద్దవాళ్ళను అడిగే మాట కదా, పద్ధతిగా ఉండాలి.

మొదటి ప్రతి దరఖాస్తులా వచ్చింది. 'తమ కుమార్తెను నాకు మంజూరు చేయవలసిందిగా' అని ఉంది. చించేశాను. రెండోది మరీ పొడుగు. మూడో దాంట్లో ఆమె పేరు దగ్గర ఒక అక్షరం రెండుసార్లు పడింది. ఆమె పేరు దగ్గర తప్పు ఉంటే ఎలా? అదీ చించేశాను. చర్చిలో పంట పండుగ అయింది. క్రిస్మస్ వచ్చింది. పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగినప్పుడు దొరైసామి గారింట్లో ఆయన చేతుల మీదుగా కాఫీ తాగాను. ఆయన, "ఏమప్పా మాణిక్కం, ఏమన్నా చెప్పాలనా?" అని కూడా అడిగారు. "ఏమీ లేదు మామా," అన్నాను. ఉత్తరం ఇంకా నాలుగో ప్రతిలో ఉంది మరి.

జనవరి నెల మురై నాది. మూడో వారం శనివారం పాస్టరయ్య ఇన్‌స్టిట్యూట్ ముందు బండి ఆపి, లోపలికి రాకుండానే ఒక మడిచిన కాగితం ఇచ్చారు.

"ఓలై ఉంది. రేపటి నుంచి మూడు వారాలు చదవాల."

మా వైపు పెళ్ళి ప్రకటనను ఓలై అంటారు. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు, పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు చర్చిలో అందరి ముందూ చదవాలి. చదివి, వీళ్ళిద్దరికీ పెళ్ళి కాకూడదనేందుకు న్యాయమైన అడ్డు ఎవరికైనా తెలిస్తే చెప్పమని అడగాలి. అడిగి కాసేపు ఆగాలి. మూడు వారాలూ ఎవరూ లేవకపోతే ఇంక పెళ్ళి ఆపేవాళ్ళు లేనట్టే.

కాగితం విప్పాను. తిరుప్పత్తూరు సభకు చెందిన రాజేంద్రన్, కరెంటు ఆఫీసు ఉద్యోగి. ధర్మపురి సభకు చెందిన గ్రేస్ పొన్ని.

పాస్టరయ్య బండి ఇంజను ఆపేశారు. నా ముఖం చూస్తున్నారని తెలుసు. నేను కాగితాన్నే చూస్తున్నాను.

"మాణిక్కం, మురై నీదే. కానీ కష్టమైతే చెప్పు. మాదేశన్ సారుకి ఇస్తాను. ఆయన ఏమీ అనుకోరు."

ఆయనకు తెలుసో, అనుమానమో, ఇప్పటికీ అడగలేదు. ఒక్క మాట అంటే చాలు. 'కష్టమే అయ్యా' అంటే చాలు. మిగతాది ఆయనే అడిగి ఉండేవారు.

"కష్టమేముందయ్యా. నా మురై నేనే చదువుతాను," అన్నాను.

ఆయన బండి తన్ని వెళ్ళిపోయారు.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద. రాసుకోండి, తొందర లేదు అన్న మనిషి ఒక మాట చెప్పకుండా ఒప్పుకుంది. నాకు జవాబు వచ్చేసింది అనుకున్నాను. ఆ నాలుగు నెలల్లో ఆమెకు నా నుంచి ఏ జవాబు వచ్చిందో ఆలోచించడానికి బుర్ర ఒప్పలేదు.

అయినా ఆశ చావలేదు. పెళ్ళి నియమాలున్న కాగితాలు తీసి, న్యాయమైన అడ్డు అంటే ఏమిటో చూశాను. ముందే పెళ్ళై ఉండటం. దగ్గరి రక్త సంబంధం. చిన్న వయసు. బలవంతం. పట్టీ అంతా రెండుసార్లు చదివాను. చర్చిలో ఒకడు ఆమె మీద ప్రాణం పెట్టుకున్నాడన్నది అందులో లేదు. లేనిదాన్ని అడ్డం పెట్టి లేచి నిలబడితే తప్పు కదా. ఇలా ఆలోచించేవాడు భూమ్మీద నేనొక్కణ్ణే ఉంటాను.

పిల్లలు వెళ్ళిపోయాక తలుపు దగ్గరికి వేసి, యంత్రాల మధ్య నిలబడి ఓలై చదివి చూసుకున్నాను. రాజేంద్రన్ దాకా బాగానే వచ్చింది. గ్రేస్ పొన్ని దగ్గర గొంతు పట్టుకుంది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అక్కడే. గ్రేస్ అని ఆగిపోయేవాణ్ణి. ఒకసారి ఏడుపే వచ్చేసింది. ముఖం కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టాను. ఆ చర్చిలో ఆమె పేరు నా నోటితో అలా చదివే అదృష్టమో దురదృష్టమో ఈ మూడు వారాలే. దాన్నైనా మచ్చ లేకుండా చదవాలి. నేను ఆమెకు ఇవ్వగలిగింది ఇంక అదొక్కటే అనుకున్నాను. ఎన్నిసార్లు చదివానో, నలభై దాకా ఉంటుంది. చివరిసారి ఎక్కడా ఆగకుండా వచ్చింది.

ఆదివారం అలాగే చదివాను. పొన్ని పెట్టె దగ్గర, నాకు ఆరడుగుల దూరంలో, మెట్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆమె పేరు చదివినప్పుడు తలెత్తి చూసింది. నేను కాగితం చూశాను. అడగాల్సింది అడిగి నాలుగు ఎంచాను. ఎవరూ లేవలేదు. తర్వాతి పాఠం అందుకున్నాను.

రెండో ఆదివారం ఆరాధనకు ముందు ఆమె అంగీలు మార్చుకునే వెస్ట్రీ గది గుమ్మం దగ్గరికి వచ్చింది. నేను అంగీ వేసుకుంటున్నాను.

"ఈ వారం కూడా మీరే చదవాలనా?"

"మురై నాది."

"మార్చుకోకూడదా?"

"నేనెప్పుడూ మార్చుకోలేదు."

"తెలుసు. నాలుగేండ్లు. జ్వరంలో కూడా." ఆమె గొంతులో ఎగతాళి లేదు. "నాకోసం ఒక్కసారి మార్చుకోండి అంటే?"

నా నోటితో ఆమె పేరు పలకడం కూడా ఆమెకు ఇష్టం లేదనుకున్నాను. "ఎందుకు? పోయిన వారం తప్పేమన్నా చదివినానా?"

పాటల పుస్తకం చంకలోకి తీసుకుంది. "లేదు. ఒక్క తప్పు కూడా లేదు," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు కూడా తప్పు లేకుండానే చదివాను. ఆమె మాత్రం రెండో పాటలో మూడో చరణం తప్పు వాయించింది. సభ సగం ఒక రాగంలో, సగం ఇంకో రాగంలో పాడింది. ఆరాధన అయ్యాక ఏదో ఒకటి మాట్లాడాలని దగ్గరికి పోయి నేనన్న మాట ఇది.

"మూడో చరణంలో తప్పు పడింది."

"ఔను. పడింది," అంది. "మనుషులకు పడుతుంది."

మూడో ఆదివారం. ఇది మూడవసారి, ఆఖరుసారి అడగడం అని కూడా చదవాలి. చదివాను. కళ్ళు ఎత్తి సభంతా చూశాను. నాకు బదులు ఎవరైనా లేస్తారేమోనని చూశాను, దేవుడి సాక్షిగా. దొరైసామి గారు ముందు వరసలో చేతులు కట్టుకుని ఉన్నారు. పుట్టమ్మ అవ్వ స్తంభం పక్కనుంచి నా వైపే చూస్తోంది. నాలుగు దాటి పదిదాకా ఎంచాను. ఎవరో దగ్గారు. పొన్ని నా వైపు చూడటం లేదు, ముందున్న పాటల పుస్తకం చూస్తోంది. ఆరోజు నేను ఎంతసేపు ఆగినా ఆమె వాయించలేదు. చివరికి నేనే, "ఎవరూ ఏమీ చెప్పనందువల్ల," అని మొదలుపెట్టి ముగించి, ఓలై కింద సంతకం పెట్టాను.

బయట అవ్వ నా చేయి పట్టుకుని పక్కకు లాగింది.

"ఎవరన్నా లేస్తారని చూసినావు గదరా?"

నేను చెప్పులు వెతుక్కున్నాను.

"అడిగేవాడివీ నువ్వే, చెప్పాల్సినవాడివీ నువ్వే. లేచేదానికి ఇంకెవరుండారు?"

"ఆ పట్టీలో లేదవ్వా. న్యాయమైన అడ్డు అని ఉంది."

"నీ తలకాయ న్యాయం," అంది అవ్వ. అంత మెత్తగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు. "పెళ్ళికి ఇంకా ఎనిమిది దినాలుంది. దొరైసామి ఇంటికి పోదాం, నాతో రా."

"మూడుసార్లు నేనే చదివి, ఎవరూ ఏమీ చెప్పలేదని సంతకం పెట్టినాను అవ్వా. ఇప్పుడు పోయి నేనే చెప్తే సభలో నా మాటకి ఏమి విలువ?"

అవ్వ చేయి వదిలేసింది. ఆ ఎనిమిది రోజులూ దొరైసామి గారి వీధిలోకి కూడా పోలేదు. సంతకం నిలబెట్టుకున్నాను.

పెళ్ళిలో పాఠం కూడా నేనే చదివాను. రాజేంద్రన్ నిజంగా మంచివాడు. అతను చెడ్డవాడైతే నాకు ఎంత బాగుండేదో. నా చేయి పట్టుకుని ఊపుతూ, "రేడియోలో మాదిరి చదువుతారు బ్రదర్. పొన్ని చెప్పింది," అన్నాడు. పొన్ని పక్కనే ఉంది. దండ కింద మెడ వంచుకుని, తన చేతులు చూసుకుంటోంది.

తర్వాత అయిదారేళ్ళు. పెట్టె వాయించే మురై ఇద్దరు ముగ్గురు చేతులు మారింది. పుట్టమ్మ అవ్వ పోయింది. నేను మురై తప్పకుండా చదువుతూనే ఉన్నాను. పెళ్ళి సంబంధాలు వచ్చాయి. దేనికీ వంక పెట్టలేదు, ఒప్పుకోనూ లేదు.

1988 ఆగస్టులో చుట్టుపక్కల సభల స్త్రీల సంఘాలన్నీ మా చర్చిలో ఒకరోజు కూడుకున్నాయి. మురై పట్టీ టైపు చేస్తుంటే తిరుప్పత్తూరు వాళ్ళ వరసలో 'ప్రార్థన: శ్రీమతి గ్రేస్ రాజేంద్రన్' అని వచ్చింది. ఆ పేరు తప్పు పడకుండా కొట్టాను.

పొన్ని కొంచెం ఒళ్ళు చేసింది. కళ్ళజోడు వచ్చింది. ప్రార్థన కాగితం లేకుండా చెప్పింది. మధ్యలో ఒకసారి ఆగి, మాట వెతుక్కుని, మళ్ళీ అందుకుంది. ఎవరికీ అది తప్పనిపించలేదు. నాకు కూడా.

సాయంత్రం మిగతావాళ్ళు ఇంకా టీ తాగుతున్నారు. ఆమె ముందు బస్సుకే పోవాలంది. సంచీ పట్టుకుని బస్టాండు దాకా వెంట నడిచాను.

"బాగుండారా రీడరు సారూ?"

"ఉండాను. రాజేంద్రన్ గారు?"

"బాగుండారు. మంచి మనిషి. మాటలు మాత్రం ఎక్కువ." నవ్వింది. "అదీ మంచిదే. కాచుకోవాల్సిన పని లేదు."

తిరుప్పత్తూరు బస్సు ఇంకా రాలేదు. మబ్బు పట్టింది గానీ వాన లేదు. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అంది.

"ఇన్నేండ్లకు అడగచ్చో లేదో. అడిగేస్తాను. ఆ మూడు వారాలూ మీకు ఏమీ అనిపించలేదా?"

"ఎందుకట్ల అడుగుతావు?"

"అంత బాగా చదివినారు గదా. నాన్న సంబంధం తెస్తే నేను వద్దనలేదు. వద్దనేదానికి నా చేతిలో ఏముండె? మీరొక మాట చెప్పలేదు. సరి, ఓలై ఉంది గదా, మూడు వారాలుంది గదా అనుకొంటిని. చదివేది మీరే. నా పేరు దగ్గర మీ గొంతు ఒక్కసారి పట్టుకొంటే చాలు. నేనే లేచి నిలబడి, అడ్డు ఉందని చెప్పేద్దామని పెట్టె మీద చేతులు పెట్టుకొని కాచుకొని ఉంటిని. మూడు వారాలూ." కళ్ళజోడు పెట్టుకుంది. "రెండో వారం మార్చుకోమని కూడా అడిగితిని. మార్చుకొనింటే, చదవలేక మార్చుకొన్నారని తెలిసిపోయేది. మీరు మార్చుకోలేదు. తడబడనూ లేదు. సరి, ఈయనకేమీ లేదు, నేనే ఏందో అనుకొని ఉండాను, అనుకొంటిని."

ఏదో ఒకటి పట్టుకోవాలని టైమ్ కీపర్ గది గోడ పట్టుకున్నాను.

"ప్రాక్టీస్ చేసినాను," అన్నాను.

"ఏమి?"

"ఇన్‌స్టిట్యూట్‌లో. శనివారం సాయంత్రం. నీ పేరు దగ్గర ప్రతిసారీ గొంతు పట్టుకొనేది. చర్చిలో అట్ల కాకూడదని... నలభై సార్లు చదివినాను. నలభైయో సారికి సరిగ్గా వచ్చింది. అదే చదివినాను."

బస్సు వచ్చి నిలబడింది. జనం దిగుతున్నారు. ఆమె సంచీ నా చేతిలోంచి తీసుకుంది. తీసుకుని అక్కడే నిలబడింది.

"ముప్పై తొమ్మిది సార్లు ఆ మిషన్లకు చదివి వినిపించినారా?" అంది. కంటి నీళ్ళు కళ్ళజోడు కింద నుంచి జారాయి. "వాటిల్లో ఒక్కటి నాకు చదవకూడదా?"

అప్పుడు చెప్పాను. రాసుకోకుండా, కొలుచుకోకుండా, బస్టాండులో, ఆరేళ్ళ తర్వాత. "పొన్నీ, నువ్వంటే నాకు... మొదటి రోజు నుంచే... ఆ వానలో కాదు, అంతకు ముందే... నేను ఉత్తరం కూడా..." ఏ వాక్యం మొదలుపెట్టినా చివరిదాకా పోలేదు.

ఆమె తల కొంచెం వంచి, శ్రద్ధగా విన్నది.

"ఇప్పుడు తడబడినారు, రీడరు సారూ," అంది మెత్తగా.

కండక్టరు పిలిచాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఎక్కింది. లోపల అవతలి వైపు సీటులో కూర్చుంది, ఇటు తిరగలేదు. బస్సు కృష్ణగిరి రోడ్డు ఎక్కేదాకా అక్కడే నిలబడి ఏడ్చాను. నా దగ్గర టైపు నేర్చుకునే పిల్లలిద్దరు అటుగా పోతూ చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.